ఒక యంత్రము – రెండు వ్యవస్థలు

రెండు పడవలపై కాళ్ళు పెట్టరాదని పెద్దలు చెప్పుదురు. కాని మన కళాశాల విద్యార్థి ప్రతిదినము చేయుచున్నది అదియే. ఒక గంట ఉర్దూ, మరొక గంట తెలుగు. ఒక పుస్తకము కుడి నుండి ఎడమకు, మరొకటి ఎడమ నుండి కుడికి. అయినను అతడు మునిగిపోవుట లేదు. కావున ఒకే యంత్రములో రెండు వ్యవస్థలు కలవన్న మాట మన వారిని ఆకర్షించుట సహజము.

ఈ సంవత్సరము మా తరగతిలోని ఒక విద్యార్థిని వ్యాసమును ఆలస్యముగా తెచ్చి ఇచ్చినది. కారణమడుగగా, ఇంటిలో ఉన్నది ఒకే ఫోను, రాత్రి భాయీజాన్ పని నుండి వచ్చిన పిమ్మటనే అది తన చేతికి వచ్చునని చెప్పినది. “సార్, రెండు వ్యవస్థలున్న పాత నెట్‌బుక్కు చౌకగా దొరకుచున్నదట, కొనవచ్చునా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పలేకపోయితిమి. ఇప్పుడు చెప్పుచున్నాము.

అట్టి యంత్రములలో పేరుపొందినది ఏసర్ సంస్థవారి ఆస్పైర్ వన్ డి250. 2009లో ఆ సంస్థ దీనిలో విండోస్‌తో పాటు ఆండ్రాయిడ్‌ను కూడ చేర్చి విక్రయించినది. అమెరికాలో ధర సుమారు 350 డాలర్లు. 10.1 అంగుళముల తెర, ఆటమ్ ప్రాసెసర్, 1 జీబీ మెమరీ, 160 జీబీ డిస్కు.

దీని గుణములను తక్కువ చేయరాదు. సంచిలో పుస్తకముతో పాటు ఇమిడిపోవును. ముఖ్యముగా దీనికి కీబోర్డు కలదు. మేము విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువు దినములలో మిత్రుని నెట్‌బుక్కును ఒడిలో పెట్టుకొని వసతిగృహపు మంచముపై వ్యాసములు టైపు చేసితిమి. నేటి ఫోను చదువుటకు చాలును; పది పుటల వ్యాసమును బొటనవ్రేలితో వ్రాయుట మాత్రము శిక్షయే. చౌకయైన కీబోర్డు యంత్రము పేద విద్యార్థికి మేలు చేయునని మా స్వానుభవము.

ఇక దోషములు. అందు చేర్చిన ఆండ్రాయిడ్ 1.6 ఫోనుల కొరకు పుట్టినది. త్వరగా తెరచి ఉత్తరములు చూచుకొనుటకు పనికివచ్చెను గాని, క్రొత్త అనువర్తనములు తెచ్చుకొను ఆండ్రాయిడ్ మార్కెట్ అందులో లేకుండెను. విండోస్ నుండి తిరిగి ఆండ్రాయిడ్‌కు రావలెనన్న యంత్రమును మరల ప్రారంభింపవలసినదే. అన్నింటికంటె పెద్ద లోపము మనకు సంబంధించినది: తెలుగు, ఉర్దూ లిపులకు ఆనాటి ఆండ్రాయిడ్‌లో చోటు లేదు. విండోస్ ఎక్స్‌పీలో మాత్రము కొంత ఏర్పాటు చేసికొన్నచో రెండును వ్రాయవచ్చును. అనగా వ్యవస్థలు రెండని పేరే గాని, మనకు పనికివచ్చినది ఒకటియే.

ఆ ఒకటియు నేడు నమ్మదగినది కాదు. ఎక్స్‌పీకి రక్షణ సవరణలిచ్చుట 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినది. లినక్స్ వేసికొందమన్నను, ఆనాటి ఎన్270 ఆటమ్ ప్రాసెసర్ 32 బిట్‌ది. 2025లో వెలువడిన డెబియన్ 13 నుండి అట్టి యంత్రములలో క్రొత్తగా స్థాపించుకొను వీలు తొలగించబడినది. కావున అట్టి నెట్‌బుక్కును ఎవరైన ఉచితముగా ఇచ్చినచో, ఇంటర్‌నెట్‌తో ముడిపెట్టక టైపు చేయుటకు ఉంచుకొనవచ్చును. సొమ్ము పెట్టి మాత్రము కొనరాదు.

దీనినిబట్టి రెండు వ్యవస్థల ఆలోచనయే తప్పని మేమనుట లేదు. రెంటిలో ఒకటి అలంకారముగా మిగులుట తప్పు. మన కళాశాల పేరులోనే రెండు భాషలున్నవి. ఒక భాష పని చేయుచు, మరొకటి బోర్డు మీద మాత్రమే ఉన్నచో మనము ఊరకుందుమా? యంత్రము విషయమునను అంతియే.

కళాశాల సంఘము వారికి మా మనవి ఒకటి. ఎప్పుడు చౌక యంత్రములు కొనవలసి వచ్చినను, 64 బిట్ ప్రాసెసర్, కనీసము 4 జీబీ మెమరీ ఉన్నవానినే చూడుడు. సొమ్ము చెల్లించుటకు ముందు ఒక పరీక్ష పెట్టుడు. సగము తెలుగు, సగము ఉర్దూ గల ఒక పుటను ఒక వ్యవస్థలో వ్రాయించి, దాచి, రెండవ వ్యవస్థలో తెరిపించుడు. ఒత్తులు చెదరక, ఉర్దూ అక్షరములు విడిపోక కనిపించినచో కొనుడు. లేనిచో ఎంత చౌకయైనను మరలించుడు. అట్లు కొన్నవి నాలుగైనను చాలును. కాని వానిని కార్యాలయపు బీరువాలో తాళము వేయక, సాయంకాలము వరకు గ్రంథాలయపు బల్లపై ఉంచుడు.

అప్పుడు ఆ విద్యార్థిని తన వ్యాసమునకై రాత్రివరకు భాయీజాన్ రాకకు ఎదురుచూడవలసిన పని ఉండదు.