‘గుర్తు తెలియని వాహనం’ పేరిట మూతపడే ఫైళ్ళు

కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వద్ద గోదావరిని దాటి, చింతూరు అడవుల గుండా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు సాగే 30వ నెంబరు జాతీయ రహదారి రాత్రివేళ లారీల సొంతం. ఇసుక, బొగ్గు, బూడిద మోసే బండ్లు అడవి అంచున చీకట్లో ఆగకుండా పోతుంటాయి. పంక్చరు దుకాణం మూసి ఇంటికి మళ్ళిన మన పిల్లవాడో, సంతలో బట్టల మూట అమ్ముకొని తిరిగొస్తున్న చిరువ్యాపారో, మిరపకోతకు సరిహద్దు దాటి వచ్చిన కోయ కూలీయో ఆ దారిలో బలైతే, మర్నాటి పత్రికలో కనిపించేది ఒక్కటే మాట: ‘గుర్తు తెలియని వాహనం’. ఎఫ్.ఐ.ఆర్.లోనూ అదే మాట ఉంటుంది. తరచు ఆ మాటతోనే ఫైలు కూడా మూతపడుతుంది.

స్థానిక న్యాయస్థానాలు ఇలాంటి కేసుల్లో మెతకగా ఉంటున్నాయని మన సభల్లో తరచు వింటుంటాము. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాని ఢీకొట్టి పారిపోయిన కేసుల్లో అసలు లోపం తీర్పు కంటే ముందే, కేసు న్యాయమూర్తి ముందు విచారణ దాకా చేరకపోవడంలోనే ఉందని మేము భావిస్తున్నాము. పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దానిని ఐదేళ్ళకు పెంచింది. ఢీకొట్టి సమాచారం ఇవ్వకుండా పారిపోయినవారికి పదేళ్ళ దాకా శిక్ష విధించే రెండవ ఉపసెక్షన్‌ను మాత్రం, అదే ఏడాది జనవరిలో లారీ డ్రైవర్లు చేసిన సమ్మె దరిమిలా, కేంద్రం అమలు చేయకుండా పక్కన పెట్టింది. రెండేళ్ళా, పదేళ్ళా అన్న వాదోపవాదాలు ఢిల్లీలో చాలా జరిగాయి. బండే దొరకని చోట ఆ అంకెలతో ఒరిగేదేమిటి?

పోలీసులు ‘వాహనం ఆచూకీ దొరకలేదు’ అని తుది నివేదిక ఇస్తే మేజిస్ట్రేటు దానిని గుడ్డిగా ఆమోదించకూడదు. ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వారి అభ్యంతరం వినాలని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. మన కుటుంబాల్లో ఆ నోటీసు అందినా, కోర్టుకు వెళ్ళి ‘పెట్రోలు బంకు కెమెరా చూశారా? టోల్ గేటు, అటవీ చెక్‌పోస్టు నమోదులు తెప్పించారా?’ అని అడిగేవారు అరుదు. అప్పటికి ఆ దృశ్యాలు చెరిగిపోయి ఉంటాయి కూడా. కెమెరాల్లో నమోదైనది ఎంతోకాలం నిలవదు. అడగవలసింది మొదటి రెండు మూడు రోజుల్లోనే, అదీ రాతపూర్వకంగా.

బండి దొరికిన చోట మరో కథ నడుస్తుంది. ఖననం కాకమునుపే యజమాని తరఫు మధ్యవర్తి ఇంటికి వస్తాడు. కొంత పైకం చేతిలో పెట్టి కాగితాల మీద సంతకాలు తీసుకుంటాడు. చట్టప్రకారం ఈ నేరం రాజీకి వీలైనది కాదు. అందుచేత కేసు పేరుకు నడుస్తూనే ఉంటుంది. సాక్షులు మాట మారుస్తారు, నిందితుడు నిర్దోషిగా బయటపడతాడు. ఇందుకు ‘దియత్’ను సమర్థనగా చూపే పెద్దలూ ఉన్నారు. వారితో మేము ఏకీభవించలేము. పొరపాటున జరిగిన హత్యకు దియత్ వారసుల హక్కు. తీసుకోవడమో క్షమించడమో వారు తెలిసి, స్వేచ్ఛగా తేల్చుకోవాలి. శోకంలో ఉన్న స్త్రీకి కాగితంలో ఏముందో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకోవడాన్ని ఆ పేరుతో పిలవడం ధర్మమేనా?

మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు మాత్రం అటు చేరాయి. ఇల్లు ఈ రాష్ట్రంలో, ప్రాణం పోయిన స్థలం ఆ రాష్ట్రంలో. ‘ఇది మా పరిధి కాదు’ అని స్టేషను నుంచి తిప్పి పంపడానికి చట్టం ఒప్పుకోదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేయాలి. బండి తెలిసిన కేసులో కుటుంబం తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే నష్టపరిహారం కోరవచ్చు. బండి తెలియని కేసులో దరఖాస్తు ప్రమాదం జరిగిన ప్రాంతపు విచారణాధికారికే వెళ్ళాలి. సరిహద్దు కుటుంబాలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఆ దరఖాస్తు సంగతి ఎందరికి తెలుసు? మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి, గుర్తు తెలియని వాహనం వల్ల మరణిస్తే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేల రూపాయలు ఇవ్వాలి. అంతకుముందు మరణానికి ఇచ్చినది ఇరవై ఐదు వేలే. ప్రాణానికి రెండు లక్షలు వెల కట్టడం మాకు సమ్మతం కాదు. కాని ఆ కొద్దిపాటి మొత్తమూ అందడం లేదు. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 నమోదు కాగా, 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కారమైనవి 95 మాత్రమే. ఈ లెక్కలు చూసే సుప్రీంకోర్టు 2024 జనవరి 12న ఆదేశాలిచ్చింది. నెల రోజుల్లో వాహనం ఆచూకీ తేలకపోతే, ఈ పరిహారం కోరవచ్చునని స్టేషను అధికారి బాధిత కుటుంబానికి రాతపూర్వకంగా తెలపాలి. ఏ అధికారికి దరఖాస్తు చేయాలో ఆ చిరునామా కూడా ఇవ్వాలి.

మన వైపు లోపాలూ దాచుకోము. మయ్యిత్‌ను త్వరగా ఖననం చేయాలన్న తొందరలో పోస్టుమార్టం వద్దని పట్టుబట్టే కుటుంబాలున్నాయి. ఆ నివేదిక లేకుంటే మరణకారణమే రుజువు కాదు. ఆధార్‌లో ‘షేక్’, రేషన్ కార్డులో ‘ఎస్.కె.’, నికాహ్‌నామాలో మరో తీరు పేరు ఉంటే వారసత్వ పత్రం దగ్గరే నెలలు గడుస్తాయి. ఇక ట్రిబ్యునల్ దరఖాస్తుకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. దాని చెల్లుబాటు సుప్రీంకోర్టులో సవాలుకు గురైనా, ఆ ఆశతో కూర్చోవడం క్షేమం కాదు. ఆ ఆరు నెలల్లో నాలుగు నెలల పది రోజులు వితంతువు ఇద్దత్‌లోనే గడుస్తుంది. వకాలత్‌నామా మీద సంతకం ఇంట్లో కూర్చుని చేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఈ రెండు సంగతులు జనాజాకు వచ్చినవారిలో ఒక్కరైనా ఆ ఇంట చెప్పి రావాలి. మస్జిద్ కమిటీలు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు.

నెలలోగా అందవలసిన ఆ స్టేషను లేఖ ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో, సరిహద్దుకు అవతలి మండలాల్లో ఎన్ని ఇళ్ళకు చేరింది? 2024 జనవరి తర్వాత ఆత్మీయులను ఇలా కోల్పోయిన పాఠకులు, లేఖ అందినా అందకపోయినా, ఎఫ్.ఐ.ఆర్. నకలు జతచేసి మాకు రాయవలసిందిగా కోరుతున్నాము. ఆ వివరాలను రెండు రాష్ట్రాల జిల్లా న్యాయసేవాధికార సంస్థల ముందు పెడతాము.