గుడిసె ఆకారం చర్చికి, గుడిసె చదువు పిల్లలకి



2025 ఆగస్టులో స్వీడన్‌లో ఒక చర్చిని బండ్ల మీద పెట్టి జరిపిన వీడియో మన గ్రూపులో మొన్న మళ్లీ తిరిగింది. "ఆదివాసీ గుడిసె ఆకారంలో కట్టిన చర్చిని ఎంత భద్రంగా కాపాడుకున్నారో చూడండి, గౌరవమంటే అదీ" అని ఒక సీనియర్ అన్న కింద రాశాడు. అన్నా, మీ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాం, మేం ఒప్పుకోం. మా హాస్టల్ రూములో నలుగురం రెండు రాత్రులు చదివి, మాలో మేం కొట్లాడుకుని ఇది రాస్తున్నాం.

ఆ చర్చి కిరునాలోది. లూథరన్ చర్చి. బాగుంటుంది, కాదనం. అంతా చెక్కే. కప్పు ఎంత ఏటవాలుగా దిగుతుందంటే గోడల కంటే అదే ఎక్కువ కనిపిస్తుంది. పైన బంగారు పూత పూసిన 12 కంచు బొమ్మలు. గంటల గోపురం పక్కన విడిగా ఉంటుంది. లోపల బలిపీఠం మీద చెట్లు, వెలుగు ఉన్న బొమ్మ, యూజెన్ అనే రాజకుమారుడు గీసింది. కట్టడం గీసినవాడు గుస్తాఫ్ విక్‌మన్. డబ్బు పెట్టింది మాత్రం ఎల్‌కేఏబీ అనే ఇనుప గని కంపెనీ. సామీ ఆదివాసుల గుడిసెలా ఉండాలని కోరింది దాని మేనేజరు యాల్మర్ లుండ్‌బోమ్ అంటారు. అంటే గుడిసె సామీలది, కోరిక కంపెనీది.

ఇప్పుడు ఆ గని కిందికి తవ్వుకుంటూ పోయేసరికి ఊరి నేలే కుంగుతోంది. అందుకే చర్చి జరపాల్సి వచ్చింది. 672 టన్నుల కట్టడం, 5 కిలోమీటర్లు, రెండు రోజులు. దానికోసం రోడ్డును 9 మీటర్ల నుంచి 24 మీటర్లకు పెంచారు. రాజుగారే వచ్చి చూశారు. మరి అదే కంపెనీ పక్కన కొత్త నిక్షేపం తవ్వుతామంటే, మా రెయిన్‌డీర్ల దారి తెగిపోతుందని గాబ్నా సామీలు మొత్తుకుంటున్నారు. ఆ దారిని ఏ బండి మీద పెట్టి జరుపుతారు? పోలవరం ముంపులో కోయ, కొండరెడ్ల ఊళ్లు పోయాయి కదా, మన వేల్పుల గద్దెల కోసం రోడ్డు వెడల్పు చేసినవాళ్లున్నారా?

మాకు అసలు మంట పుట్టించింది ఇది కాదు. ఆ చర్చిని 1912 డిసెంబర్ 8న ప్రతిష్ఠించింది బిషప్ ఊలోఫ్ బెర్క్‌విస్ట్. సరిగ్గా మరుసటి ఏడు, 1913లో, స్వీడన్ 'సంచార బడి' చట్టం తెచ్చింది. దాని వెనక ప్రధానంగా ఉన్నది ఈ బిషప్పే. రెయిన్‌డీర్లు మేపే సామీల పిల్లలకు వేరే బడి. చదువు తక్కువ, నెలలు తక్కువ, బోధన ఎక్కువగా స్వీడిష్‌లో, బడి మాత్రం గుడిసెలో! మంచి ఇళ్లకు అలవాటు పడితే మేపు వదిలేస్తారట. సామీలు సామీలుగానే ఉండాలట. దేవుడి ఇంటికేమో గుడిసె ఆకారం అందమైంది, పిల్లలకేమో గుడిసే హద్దు. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లం మనం. "వీళ్లకి ఇంత చదువెందుకు" అన్న మాట ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? ఇలాంటి వాటన్నిటికీ స్వీడన్ చర్చి సామీలకు క్షమాపణ చెప్పింది 2021 నవంబర్‌లో. నూరేళ్లు దాటాక.

మేం చర్చి మీద కోపంతో రాయడం లేదు. మాలో ఇద్దరం ఆదివారం చర్చికి పోయేవాళ్లమే. కట్టడాన్నే చూడాలనుకుంటే కిరునా దగ్గర్లోనే, తోర్నే నది ఒడ్డున యుక్కస్‌యార్వి అనే పల్లె ఉంది. అక్కడ 1607-08 నాటి దుంగల చర్చి ఉంది. స్వీడన్ వైపు ల్యాప్‌లాండ్‌లో మిగిలినవాటిలో అదే పాతది. అదీ ప్రేమతో కట్టింది కాదు. పన్ను వసూలుకీ సంతకీ సామీలను ఒకచోట చేర్చాలని రాజు చూసిన రోజులవి. తర్వాత పాదిరీలు సామీల డోళ్లు గుంజుకున్నారు. 1693లో ఆర్యెప్లోగ్‌లో లార్స్ నీల్సన్ అనే సామీని చంపి, డోలుతో పాటే కాల్చారు. కానీ ఆ పల్లె చర్చిలోకి సామీలు మెల్లగా దూరారు. 1958లో బ్రోర్ యోర్త్ చెక్కిన బలిపీఠంలో సామీ ముఖాలున్నాయి (అదీ గని కంపెనీ కానుకే, నవ్వాలో ఏడవాలో). 1997 నాటి ఆర్గన్‌లో బిర్చ్ చెక్క, రెయిన్‌డీర్ కొమ్ము వాడారు. దాని మీది కళ లార్స్ లేవి సున్నా అనే సామీది. ఆకారం మనదైతే చాలదు అన్నా, చెయ్యీ మనదే ఉండాలి.

ఇదంతా ఎందుకంటే, మా హాస్టల్ గేటు గుడిసె ఆకారంలో కట్టి, దాని మీద మన బొమ్మలు వేయిస్తారట. "ధన్యవాదాలు" అని మా అందరి సంతకాలు అడుగుతున్నారు. బాత్‌రూముల్లో నీళ్లు లేవు. కోయ మాట తెలిసిన వార్డెన్ కావాలని మేం ఇచ్చిన కాగితానికి జవాబు లేదు. గేటు నమూనా గీసేముందు మన పెద్దల్ని ఒక్కరిని కూడా అడగలేదు. మేం నలుగురం సంతకం పెట్టలేదు. కాగితం ఆదివారం సాయంత్రం మిగతా రూములకు వస్తుంది. పెట్టేముందు ఒకసారి మా రూముకు రండి, మాట్లాడుకుందాం.