వివరణ లేని పట్టిక ఎవరికి లాభం?

లెక్కలన్నీ కంప్యూటరులో పెట్టితిమి, కావలసినవారు చూచుకొనవచ్చునన్నది పాలకులు నేడు మనకు చెప్పుచున్న సమాధానం. 2024 జూన్ 29న, గణాంక దినోత్సవం నాడు, కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ ఈ-సాంఖ్యికి అను పోర్టల్‌ను ప్రారంభించింది. జాతీయాదాయం, ధరలు, పారిశ్రామికోత్పత్తి, ఉపాధి మొదలగు వర్గాలుగా అధికార గణాంకాలను ఒకేచోట చూపు సాధనమది. మంచిదే. ఒక్క సూచిక సంఖ్య కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన పాతతరం కార్యకర్తలకు దీని విలువ తెలియును. కాని వర్గాల పేర్లు వరుసగా చూపినంత మాత్రాన లెక్క కార్మికుని చేతికి వచ్చినట్లు కాదు. ఎవరి కుటుంబాల ఖర్చును కొలిచిరో, ఆధార సంవత్సరమేదో, పాత వరుసతో కొత్త వరుసను ఎట్లు కలపవలెనో ప్రతి పేరు ప్రక్కనే స్పష్టంగా వ్రాసియుండవలెను. లేకున్న ఆ పట్టిక తాళంచెవి లేని ఇనప్పెట్టె.

ధరల సూచిక అను పేరునే తీసుకొనుడు. పారిశ్రామిక కార్మికులకొకటి, వ్యవసాయ కార్మికులకొకటి, గ్రామీణ కార్మికులకొకటి, పల్లెలు నగరాలు కలిపినదొకటి, ఇవిగాక టోకు ధరలది వేరొకటి. మన కరువు భత్యానికి ఆధారం వీటిలో మొదటిది మాత్రమే. దానిని ప్రకటించునది లేబర్ బ్యూరో. పత్రికలలో చిల్లర ద్రవ్యోల్బణం పేర కనబడు శాతం ఉమ్మడి సూచిక నుండి వచ్చునది. ద్రవ్యోల్బణం తగ్గినది, ఇంకా భత్యమెందుకని సంపాదకీయాలు వ్రాయు పెద్దలు ఏ వరుసను చూచి వ్రాయుచున్నారో మనం అడుగవలదా?

ఆధార సంవత్సరం సంగతి మరింత ముఖ్యం. 2020 సెప్టెంబరు సూచిక నుండి 2016ను 100గా తీసుకొన్న కొత్త వరుస అమలైనది. పాత 2001 వరుసతో కలుపుటకు దానిని 2.88తో గుణించవలెను. 7వ వేతన సంఘం వేతనాలపై భత్యం కట్టుటకు పాత వరుసలోని 261.42 మూలసంఖ్య. ఉదాహరణకు కొత్త వరుసలో 12 నెలల సగటు 130 అనుకొందము. 2.88తో గుణించిన 374.4 అగును, దానినుండి 261.42 తీసివేసి, అదే సంఖ్యతో భాగించిన 43 శాతం పైచిలుకు వచ్చును. గుణకం సంగతి ఎరుగనివాడు 130లోనుండియే 261.42 తీసివేసినచో భత్యం సున్నకు దిగువన యాభై శాతమగును! నవ్వదగిన లెక్కయే. కాని కోష్ఠకంలో 130 అని మాత్రమే చూపి ఊరకుండు సాధనం మనలను ఈ లెక్కకే నెట్టుచున్నది.

ఈ సూచిక ఏడు రంగాల కార్మిక కుటుంబాల ఖర్చుపై నిలిచియున్నది: కర్మాగారాలు, గనులు, తోటలు, రైల్వేలు, మోటారు రవాణా, విద్యుత్తు, ఓడరేవులు. రైల్వే సోదరులు అందులో ఉన్నారు. తపాలా వారు లేరు. ఇతరుల కుటుంబాలను కొలిచిన కొలబద్దతోనే తపాలా ఉద్యోగి భత్యం తేలుచున్నది. ఈ మాట మన సభ్యులలో ఎందరికి తెలియును? ఆహారం, పానీయాల వాటా 2001 వరుసలో 46.20 శాతం, 2016 వరుసలో 39.17 శాతం. జీవితం మెరుగుపడినదనుటకు ఇది సాక్ష్యమందురు. సగటు కుటుంబం విషయంలో అగుగాక. జీతంలో సగం బియ్యానికి, పప్పుకు, నూనెకు పోవు ట్రాక్‌మన్ ఇంట, గ్రామీణ డాక్ సేవక్ ఇంట కందిపప్పు ధర పెరిగిననాడు ఆ బరువు సూచికలో పూర్తిగా కనబడదు. ఇంటి అద్దె సూచిక ఆరు నెలలకొకసారి మాత్రమే మారును. నడుమ నెలలలో అది నిలకడగా కనబడినది గనుక అద్దెలు పెరుగలేదనుట పొరపాటు.

సూచికను శంకించుట కార్మికులకు కొత్త కాదు. 1963లో బొంబాయి కార్మికులు సూచికలోని లోపాలపై ఆందోళన చేయగా లక్డావాలా అధ్యక్షతన నిపుణుల సంఘం వేయవలసివచ్చినది. 1960 జూలై సమ్మెలో కరువు భత్యం ప్రధాన కోరికలలో ఒకటి. లెక్క తెలిసినంతనే డబ్బు రాదన్నదీ నిజమే. 2020 జనవరి నుండి మూడు వాయిదాలు స్తంభింపజేసిరి. సూచిక నెలనెలా వెలువడుచునే యుండెను, భత్యం మాత్రం 17 శాతం వద్ద ఆగిపోయెను. 2021 జూలైలో 28 శాతం చేసిరి గాని 18 నెలల బకాయి చెల్లించలేదు. ఆ బకాయి ఒక్కొక్కరికి ఎంతయో లెక్కగట్టి చూపలేనివాడు దానిని ఎట్లు అడుగును?

ఈ వ్యాసం వ్రాయుచున్నది ఢిల్లీ ముఖర్జీ నగర్ నుండి. ఇచ్చటి శిక్షణ కేంద్రాలలో యువకులు ఏ సూచికను ఏ సంస్థ ప్రకటించునో కంఠస్థం చేయుచుందురు. వారిలో కొందరు రేపు మన సార్టింగ్ ఆఫీసులకు, స్టేషన్లకు వచ్చెదరు. ఆరు నెలలలో అంతా మరచెదరు. శాఖలు వారిని పిలిచి ఈ పని అప్పగించవలెను. ఇది సాంకేతికుల పని, మనకెందుకను మాట మన సంఘాలలోనే వినబడుచున్నది. అది విడువవలెను.

ప్రతి వర్గానికి ఆధార సంవత్సరం, పరిధి, గుణకం, సవరణ తేదీలతో తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటిలో వివరణ ఇవ్వవలెనని మంత్రిత్వశాఖను, లేబర్ బ్యూరోను ఫెడరేషన్ లిఖితపూర్వకంగా కోరవలెను. 2025లో ఏర్పడిన 8వ వేతన సంఘం ముందు కూడ ఈ కోరిక ఉంచవలెను. అంతవరకు ప్రతి శాఖ కరువు భత్యం వరుసకు ఒక పుట వివరణ తయారుచేసి నోటీసు బోర్డుపై అంటించవలెను, 2.88, 261.42 ఎచ్చటనుండి వచ్చినవో అందులో మొదటి పంక్తిలోనే ఉండవలెను.