జాతర వెళ్ళాక యెవరడుగుతారు?

మొన్న సికింద్రాబాదు వచ్చే బండిలో అదృష్టవశాత్తూ కిటికీ పక్కన చోటు దొరికింది. మానుకోటలో ఒక పెద్దమ్మ యెక్కి నా యెదుట కూర్చున్నది. (కాగితాలమీద మహబూబాబాదు అని రాస్తారు గాని, ఆ పక్క జనం నోట యిప్పటికీ అది మానుకోటే.) కురవి వీరభద్రస్వామిని చూసి వస్తున్నది కాబోలు, నుదుట కుంకుమ యింకా చెదరలేదు. వరంగల్లులో ఒక కుర్రవాడు యెక్కాడు. వూరు భూపాలపల్లి, బొగ్గుగనిలో పని. కాజీపేటలో యెక్కిన నాలుగో ఆయన రిటైరయిన మాష్టారు, జనగామలో దిగవలసినవారు. ఆయన చంకలో పేపరు వున్నది. రైలుపెట్టెలో పేపరు వున్నవాడే సభాధ్యక్షుడు గదా!

మాష్టారు కళ్ళజోడు సవరించుకొని ఒక వార్త పైకి చదివారు. యాత్రాస్థలాల్లో ముఠాలను, దళారులను, ఆడపిల్లలతో వ్యాపారం చేసేవాళ్ళను కూకటివేళ్ళతో పెకలించి వేస్తారట. యెవరన్నారు, యెక్కడన్నారు అన్నది ముఖ్యం కాదు. ఇటువంటి మాట అనని ప్రభుత్వం మనకింతవరకు రాలేదు.

"పోయిన జాతరకు గూడ గిట్లనే జెప్పిన్రు గద సారూ," అన్నది పెద్దమ్మ.

"ఏటేట పీకుతున్నరంటే అవి కూకటేర్లు గావు సార్, గరిక," అన్నాడు భూపాలపల్లి కుర్రవాడు.

పెట్టె మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. మాష్టారు మాత్రం పేపరు మడిచి, "నవ్వటానికేం గాని, జాతర వెళ్ళిపోయాక వచ్చి అడిగినవాళ్ళెవరైనా వున్నారా మనలో?" అన్నారు. ఎవ్వరమూ మాట్లాడలేదు. జనగామ రాగానే ఆయన దిగిపోయారు. పేపరు సీటుమీద వుండిపోయింది, ప్రశ్న నా దగ్గర వుండిపోయింది.

ఆలేరు దాటింది. రాయగిరి వస్తుండగా పెద్దమ్మ గుట్ట వున్న వైపు తిరిగి కళ్ళు మూసుకొని దణ్ణం పెట్టుకున్నది. యాదగిరిగుట్ట నరసింహస్వామి మన జిల్లాల యింటింటి దేవుడు. మొక్కులూ, పుట్టువెంట్రుకలూ, కొత్త కోడలితో మొదటి ప్రయాణమూ అన్నీ అక్కడికే. ఆ కొండ పేరు తలుచుకోగానే నాకు మాత్రం 2018 గుర్తుకు వచ్చి, యిందాకటి నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఆ సంవత్సరం కొండమీద కొత్త గుడి పనులు జోరుగా సాగుతున్నాయి. (ఆ గుడి తలుపులు భక్తులకు తెరిచింది 2022 మార్చి 28న.) జూలై నెలాఖరున కొండకింద పట్నంలో, ఒక ఆడమనిషి ఒక పసిపిల్లను కొడుతున్నదని చుట్టుపక్కలవాళ్ళెవరో అధికారులకు చెప్పారు. వెళ్ళి చూస్తే అది తల్లీబిడ్డల తగువు కాదు. ఆ చుట్టుపక్కల యిళ్ళనుంచి 11 మంది ఆడపిల్లలను బయటికి తెచ్చారు. వాళ్ళలో బడి యీడు పూర్తిగా రాని పసివాళ్ళు కూడా వున్నారు. పిల్లలు త్వరగా యెదిగినట్లు కనిపించాలని సూదిమందులు యిప్పించారని పోలీసులు చెప్పారు. ఆ కేసులో ఒక డాక్టరు కూడా అరెస్టయ్యాడు. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక గనక యింతకన్నా రాయను. రాయవలసిన అవసరమూ లేదు. ఆడపిల్లను కన్నవాళ్ళకు యీ పాటి చాలు.

మనం ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. అప్పుడు ఆ ప్రాంతానికి పోలీసు అధిపతి అసమర్థుడు కాదు. రాచకొండ కమిషనరుగా వున్న మహేష్ భగవత్‌గారిని అమెరికా విదేశాంగశాఖ 2017లో, మనుషుల రవాణామీద తాము యేటా వెలువరించే నివేదికలో, ఆ నేరంమీద పోరాడుతున్న వీరుల జాబితాలో చేర్చింది. ఏడాది తిరగకుండా 25 వ్యభిచార గృహాలు మూయించటంలో ఆయన ముందు నిలిచారని ఆ నివేదిక చెప్పింది. వాటిలో 5 హోటళ్ళు, తక్కిన 20 మనలాంటివాళ్ళు కాపురం వుండే యిళ్ళు. అటువంటి అధికారి వున్న చోటనే మరుసటి యేడు గుట్టకింద ఆ పిల్లలు దొరికారు. ఇది ఆయనను తక్కువ చెయ్యటానికి చెప్పటం లేదు. మంచి అధికారి దొరకటం మన అదృష్టం. కాని అదృష్టం ఒక యేర్పాటు కాదు. అధికారులు బదిలీ అవుతారు. ఆ యిళ్ళు బదిలీ కావు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా వున్నది. 1956లోనే పార్లమెంటు చేసింది. 1986లో సవరించి, పేరు మార్చింది. గుడికి గాని బడికి గాని 200 మీటర్ల లోపల యిటువంటి కొంప వున్నట్లు తెలిస్తే మేజిస్ట్రేటు నోటీసు యిచ్చి ఖాళీ చేయించవచ్చు. ఆ తర్వాత ఒక సంవత్సరం పాటు ఆయన అనుమతి లేనిదే యజమాని దాన్ని అద్దెకివ్వరాదు. సోదాలో పసిపిల్లలు దొరికితే ఆ గడువు మూడు సంవత్సరాలు. అంటే చట్టానికి పళ్ళున్నాయి. లేనిది పంచాంగం. 2018లో మూసిన తలుపుకు 2021లో గడువు తీరిపోతుంది. ఆనాడు వెళ్ళి ఆ తలుపు తట్టి చూడటం యెవరి పని? చూసినవాళ్ళు తాము చూసింది మనకు చెప్పేదెక్కడ? పెకలించి వేస్తామన్న ప్రకటన మొదటి పేజీలో వస్తుంది. యీ తలుపు సంగతి యే పేజీలో వస్తుందో వెతికి చూడండి.

అంకెలు వున్నాయి గదా అంటారు. ఉన్నాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022లో తెలంగాణలో నమోదైన మనుషుల రవాణా కేసులు 391. ఆ యేడు దేశంలో మరే రాష్ట్రంలోనూ అన్ని కేసులు నమోదు కాలేదు. అధికారపక్షం దీన్ని చూపి "మా పోలీసులు నిద్రపోవటం లేదు" అంటుంది. ప్రతిపక్షం అదే కాగితం చూపి "నేరం పెచ్చరిల్లింది" అంటుంది. ఇద్దరి మాటా కొంత నిజం కావచ్చు. కాని కేసు పెట్టటం విత్తనం జల్లటం వంటిది. పంట యెంత యింటికి వచ్చిందన్నది గదా రైతు అడిగేది! శిక్ష పడ్డవాళ్ళెందరు? బయటికి తెచ్చిన పిల్లలు యిప్పుడు యే తరగతి చదువుతున్నారు? ఆ రెండు జవాబులూ చెప్పనంతకాలం యెంత పెద్ద అంకె అయినా మనకు వూరట యివ్వదు.

ఇదంతా జనగామ, మానుకోట, భూపాలపల్లివాళ్ళకు యెందుకు అంటారేమో. యీ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. మూడింటికీ యాత్రికులు వచ్చే చోట్లున్నాయి: జనగామకు పాలకుర్తి, మానుకోటకు కురవి, భూపాలపల్లికి కాళేశ్వరం. మేడారం కూడా 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనిదే. ఆ తర్వాత ములుగుకు వెళ్ళింది. కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు జరిగాయి. 2027 గోదావరి పుష్కరాల సంవత్సరం. ప్రభుత్వం 2025–30కి టూరిజం విధానం తెచ్చింది. యాత్రాస్థలాలకు ప్రత్యేకంగా టూరిస్టు పోలీసులు వస్తారని 2025లో ప్రకటించింది. అన్నీ మంచివే. రోడ్డు రావాలి, లాడ్జి రావాలి, మన పిల్లలకు పని రావాలి. ఇప్పుడు నేను పేర్కొన్న చోట్ల అటువంటి పాపం జరుగుతున్నదని నేననటం లేదు. గుట్టకింద కూడా అది ముందుగా చాటింపు వేయించి రాలేదని మాత్రమే అంటున్నాను. నాలుగు రోజులుండి పోయే జనం, యెవరి మొహం యెవరికీ తెలియని గది, పేరూ వూరూ అడగని రిజిస్టరు వుంటే ముఠాకు అంతకంటే ఆహ్వానపత్రం అక్కరలేదు.

మన చేతులు కూడా ఒకసారి చూసుకుందాం. క్యూలో నిలబడలేక దళారి చేతిలో నోటు పెట్టి, "స్వామి దయవల్ల దర్శనం త్వరగా అయింది" అని వచ్చి చెప్పుకున్నవాళ్ళం మనమే. తిరుమల దేవస్థానంవారు 2023లో ఒక నకిలీ వెబ్‌సైటుమీద కేసు పెట్టించారు. అది వారు ఫిర్యాదు చేసిన 41వదట! నలభైమీద ఫిర్యాదులు వెళ్ళాక నలభై ఒకటోది యెందుకు పుట్టింది? కొనేవాళ్ళం వున్నాం గనక. గది యిప్పించే దళారి యింకా యేమేమి యిప్పిస్తాడో మనం అడగం. మనకు గది దొరికింది, చాలు.

పెట్టెలో మేం నవ్విన నవ్వును యింటికి వచ్చాక తిరగేసి చూశాను. అపనమ్మకం రెండు రకాలనిపించింది. ఒకటి, అడిగే అపనమ్మకం. రెండోది, తప్పుకునే అపనమ్మకం. "ఎవరొచ్చినా యింతే" అనటంలో గొప్ప సుఖం వున్నది. ఆ మాట అన్నాక మనం చెయ్యవలసింది యేమీ మిగలదు. ముఠాలకు పోలీసును చూస్తే కొంచెం భయం. మన పెదవి విరుపును చూస్తే మాత్రం బోలెడు ధైర్యం.

అడిగే అపనమ్మకం మనకు చేతకానిది కాదు. పాలవాడి లెక్క మనం వంటింటి క్యాలెండరుమీద గీతలు గీసి పెడతాం. నెలాఖరున ఒక్క అర లీటరు తేడా వస్తే గుమ్మంలో నిలబెట్టి అడుగుతాం. వాడంటే మనకు ద్వేషమా? కాదు, లెక్క. ప్రభుత్వం మాటకు మాత్రం ఒక్క గీత గీయం. ఈసారి గీద్దాం. నిర్మూలిస్తామని యెవరైనా అన్నప్పుడు నాలుగు ముక్కలు అడుగుదాం: యే తేదీకి? బాధ్యత యే అధికారిది? ఆ పేరూ, ఫోను నంబరూ గుడి దగ్గరా లాడ్జి గోడమీదా కనిపిస్తాయా? జాతర అయిన మూడో నెలలో, పట్టుకున్నవెన్ని, శిక్ష పడ్డవెన్ని అని వూళ్ళో చదివి వినిపిస్తారా? "కూకటివేళ్ళు" అన్న మాట వదిలేసి, యీ నాలుగింటికీ జవాబు చెప్పిన ప్రభుత్వాన్ని నమ్మటానికి నాకు అభ్యంతరం లేదు.

ఒక హెచ్చరిక కూడా. ఒక యింట్లో జరిగిన నేరానికి ఒక వీధినో ఒక కులాన్నో వెలివేసినట్లు చూస్తే, ఆ వీధిలో నిజం చెప్పగల నోరు కూడా మూతపడుతుంది. గుట్టకింద ఆ పిల్లలు బయటపడింది ఒక ప్రకటన వల్ల కాదు. ఆ చుట్టుపక్కల వుండే ఒక నోటి వల్ల.

రాయగిరి దాటాక యీ కథంతా పెద్దమ్మకు నెమ్మదిగా చెప్పాను. ఆమె చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వింది. భువనగిరి వచ్చేసరికి, "జెప్పినోళ్ళు పుణ్యాత్ములు బిడ్డా," అన్నది. కాస్సేపాగి, "మన పక్కింట్లనైతె మనం జెప్తుమా?" అన్నది.

సికింద్రాబాదు వచ్చేదాకా నేను జవాబు చెప్పలేకపోయాను. చదువరులు తమ జవాబు తాము చెప్పుకొందురుగాక. ఆపదలో వున్న పిల్లల కోసం పిలవవలసిన నంబరు 1098, అత్యవసరమైతే 112. పాల లెక్క గీసే ఆ క్యాలెండరుమీదనే రాసి పెట్టుకోండి.