రింగు దిగే నిర్ణయం ఎవరిది?

మూడుసార్లు ప్రపంచ విజేతైన మేరీ కోమ్ 2007లో కవలల్ని కన్నప్పుడు, ఇక ఆట ముగిసిందనుకున్నవాళ్లే ఎక్కువ. 2008లో నాలుగోసారి గెలిచింది. 2024 జనవరిలో ఆమె రిటైరైందని పత్రికలు రాసేశాయి. ఆమె అన్నది వేరు: ఆడాలని ఉంది, నలభై దాటాక నిబంధనలు ఒప్పుకోవు. తాను రిటైర్మెంట్ ప్రకటించలేదని మర్నాడే ఖండించుకోవాల్సి వచ్చింది.

తలకు తగిలే దెబ్బల దృష్ట్యా వయోపరిమితి ఉండొచ్చు, కాదనం. కానీ నిబంధన ఆపడం వేరు, తనంతట తాను ఆగడం వేరు. ఒలింపిక్స్ మహిళల బాక్సింగ్‌లో తొలి స్వర్ణం గెలిచిన బ్రిటన్ క్రీడాకారిణి నికోలా ఆడమ్స్‌ను, కంటికి ఇంకో దెబ్బ తగిలితే చూపు పోవచ్చని వైద్యులు హెచ్చరించారు. 2019లో తానే తప్పుకుంది. శరీరం ఆమెది, లెక్క ఆమెది.

పెళ్లి కుదరగానే అమ్మాయిల చేత ఆట మాన్పించే పెద్దలు ఏ వైద్యుణ్ణి అడిగారు?