ఫోన్‌లో మనసుకు వైద్యం: వలస కుటుంబానికి సొంత భాషలో అందేనా?

సూరత్: నగరానికి నైరుతి దిశలో సుమారు 20 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న డుమస్ నల్లని ఇసుకకు, టమాటా భజియాలకు ప్రసిద్ధి. దెయ్యాలు తిరుగుతాయన్న కథలు కూడా ఆ తీరం చుట్టూ అల్లుకున్నాయి. సూరత్ కార్మిక కుటుంబాలకు మాత్రం దాని విలువ వేరు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ సర్దుకునే చోట భార్యాభర్తలు పిల్లల చెవిన పడకుండా నాలుగు మాటలు మాట్లాడుకోవడం కూడా కష్టమే. ఆ అవకాశం ఇలాంటి బహిరంగ ప్రదేశాల్లోనే దొరుకుతుంది.

కుటుంబ కలహాలు, పిల్లల పెంపకం, గత విషాదాల గాయాలు వంటి సమస్యలకు ఆన్‌లైన్ చికిత్స సులభమైన పరిష్కారమని ప్రభుత్వాలూ, ప్రైవేటు వేదికలూ చెబుతున్నాయి. ఫోన్ దాదాపు ప్రతి ఇంటికీ చేరిన మాట నిజమే. కానీ ఏకాంతం, సొంత భాష, అర్హత గల నిపుణుడు అనే మూడూ లేకుండా ఆ ఫోన్ ఒక్కటే చికిత్స కాజాలదు.

రెండు భాషల మధ్య కుటుంబం

పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి చేనేత కుటుంబాలు బతుకుతెరువు కోసం భీవండి, షోలాపూర్‌లతో పాటు సూరత్‌కూ తరలివెళ్లాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లోని మరమగ్గాల చుట్టూ వారి జీవితాలు స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది.

ఈ కుటుంబాల్లో తల్లిదండ్రులు తెలుగులో బాధపడతారు. పిల్లలు వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడుతూ పెరుగుతారు. తాతలు, అమ్మమ్మలు ఊళ్లోనే ఉండిపోవడంతో గొడవ ముదిరినప్పుడు మధ్యవర్తిత్వం చేసే పెద్దదిక్కు ఉండదు. బజారులో బేరమాడటానికి వచ్చిన హిందీ సరిపోతుంది గానీ, మనసులోని భయాన్ని, అవమానాన్ని విప్పిచెప్పడానికి సరిపోదు. మానసిక చికిత్సలో మాటే మందు. ఆ మాట సొంత భాషలో లేకపోతే చికిత్స సగంలోనే ఆగిపోతుంది.

అవసరం ఎంత?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకోగా, 31.7 శాతం ఘటనలకు కుటుంబ సమస్యలే కారణంగా నమోదయ్యాయి. మృతుల్లో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. ఈ రెండు వాస్తవాలనూ విడదీసి చూడలేం.

సూరత్ వజ్ర పరిశ్రమే ఇందుకు నిదర్శనం. మాంద్యంతో కార్మికుల ఆత్మహత్యలు పెరిగాయన్న ఆందోళనతో గుజరాత్ వజ్ర కార్మికుల సంఘం 2024 జులైలో హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఫోన్ చేసినవారు ఉద్యోగం, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె గురించి ఏకరువు పెట్టారు. కూలి పోయిన ఇంట్లో తండ్రి కోపాన్ని కేవలం ‘పెంపకం లోపం’గా చూసే సలహాదారు ఆ కుటుంబానికి చేయగల మేలు స్వల్పం. సలహాతో పాటు కార్మిక, విద్యా, సంక్షేమ శాఖల సాయానికి దారి చూపగలిగితేనే హెల్ప్‌లైన్‌కు సార్థకత.

14416: సత్తా, పరిమితి

2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ‘టెలి మానస్’ సేవ అదే ఏడాది అక్టోబర్ 10న ప్రారంభమైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి సారథ్యం వహిస్తోంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు సహా 20 భాషల్లో సేవలు అందుతాయి. తొలి దశలో శిక్షణ పొందిన సలహాదారులు మాట్లాడతారు. అవసరమైతే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి, వైద్య కళాశాలలకు పంపుతారు. 2024 అక్టోబర్ నాటికి 14.7 లక్షలకు పైగా కాల్స్ అందాయి. ఆ నెలలోనే యాప్‌ను విడుదల చేసి, వీడియో సంప్రదింపులను తొలుత కర్ణాటక, తమిళనాడు, జమ్మూకశ్మీర్‌లలో చేపట్టారు.

అయితే ఈ వ్యవస్థ నిర్మాణమంతా రాష్ట్రాల వారీ కేంద్రాలపై ఆధారపడింది. భాష మాత్రం రాష్ట్ర సరిహద్దు వద్ద ఆగదు. సూరత్‌లోని తెలుగు తల్లికి హైదరాబాద్‌లోని తల్లికి దక్కే నాణ్యతతోనే తెలుగు సలహాదారు దొరకాలి. ఫోన్ ద్వారా సేవ కాబట్టి ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. తర్వాతి దశలో నేరుగా వైద్యుణ్ని కలవాల్సి వస్తే మాత్రం స్థానిక ఆసుపత్రే శరణ్యం. దూరభాషణంలో తెలుగు, ఆసుపత్రిలో గుజరాతీ అనే ఈ అంతరాన్ని పూడ్చే దుబాసీ ఏర్పాటు అత్యవసరం.

ఏకాంతం లేని చోట

తీవ్ర విషాదాల అనంతర మానసిక గాయాలకు వీడియో ద్వారా చేసే చికిత్స నేరుగా చేసేదానికి దాదాపు సమాన ఫలితమిస్తుందని అమెరికా మాజీ సైనికులపై జరిగిన అధ్యయనాలు తేల్చాయి. 2019 మే 24న సూరత్‌లోని తక్షశిల వాణిజ్య సముదాయంలో చెలరేగిన మంటల్లో 22 మంది విద్యార్థులు మరణించారు. అలాంటి దుర్ఘటనల నీడలో మిగిలిన కుటుంబాలకు ఏళ్ల తరబడి కొనసాగే సంరక్షణ అవసరం కనుక ఆన్‌లైన్ విధానం నిజంగా అక్కరకు వస్తుంది.

కానీ గృహహింసకు గురవుతున్న మహిళ హింసించే భర్త పక్కనుండగా ఏం మాట్లాడగలదు? తల్లి చేతిలోని ఫోన్‌లోనే తల్లి గురించి కౌమార బాలిక ఏం చెప్పగలదు? అంగన్‌వాడీ, పట్టణ ఆరోగ్య కేంద్రం, పాఠశాలల్లో తలుపు మూసుకునే ఒక చిన్న గది, ఒక ఫోన్ సమకూర్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విశాఖపట్నంలో ఓ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న తీర్పునిస్తూ సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సిలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ నియామకాలతో పాటే గదినీ కల్పించవచ్చు.

ఎవరి చేతిలో మన రహస్యం?

క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి వద్ద నమోదు కావాలి. ‘కౌన్సిలర్’, ‘థెరపిస్ట్’ అన్న పేర్లకు మాత్రం అంతటి కట్టుదిట్టమైన నియంత్రణ ఆచరణలో కానరాదు. కౌన్సిలర్లను పరిధిలోకి తెచ్చిన 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పూర్తిస్థాయిలో అమలుకు నోచుకోలేదు. గోప్యతదీ అదే కథ. వినియోగదారుల సున్నిత సమాచారాన్ని ప్రకటనల కోసం ఇతర సంస్థలకు అందించిందన్న ఆరోపణపై అమెరికాలోని ‘బెటర్‌హెల్ప్’ వేదిక 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించాల్సి వచ్చింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సేవ పొందే హక్కుతో పాటు గోప్యత హక్కునూ ఇచ్చింది. ఆన్‌లైన్ వేదికలు నిపుణుల నమోదు సంఖ్యను తెరపై చూపడం తప్పనిసరి చేస్తే ఆ హక్కుకు బలం చేకూరుతుంది.

చట్టం ఉంది, నంబరు ఉంది, సాంకేతికత ఉంది. సూరత్ మరమగ్గాల వాడలోని కుటుంబం సముద్రతీరం దాకా వెళ్లకుండానే తన గోడును తన భాషలో, నమ్మదగిన మనిషికి చెప్పుకోగలిగిన రోజే ఆ మూడూ ఫలించినట్లు. అప్పటివరకు తీవ్ర ఆవేదనలో ఉన్నవారు గానీ, వారి ఆప్తులు గానీ వెనుకాడకుండా 14416కు ఫోన్ చేసి సాయం కోరాలి.