కారుకీ ఒక షజరా ఉంటుంది

మా ఆపా పెద్ద కొడుకు డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. పోయిన వారం ఫోన్ చేసి, సలామ్ కూడా సగమే చెప్పి, "మామూ, పాత కారు ఒకటి బేరం కుదిరింది. 1970 షెవెల్ మాలిబు. దాన్ని ఎస్ఎస్ 454 చేస్తా" అన్నాడు. గొంతులో ఈద్ చాంద్ కనబడినంత ఖుషీ.

మన ఇళ్లలో షౌక్ అనగానే ఫిజూల్ ఖర్చు అని ముద్ర వేస్తాం. నేను వేయను. ఒకరికి పావురాలు, ఒకరికి పతంగులు, వీడికి ఇనుము. సొంత కమాయీ, సొంత చేతులు. నా పేచీ ఆ తర్వాత వాడు అన్న మాట మీద. "ఎస్ఎస్ బ్యాడ్జీలు కొత్తవే దొరుకుతాయి మామూ. బిగించేస్తే అసల్ ఏదో నకల్ ఏదో ఎవడికీ తెలియదు."

విషయం తెలియని వాళ్ల కోసం కాస్త చెబుతాను. 1964లో పాంటియాక్ వాళ్లు మధ్య సైజు కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ పెట్టి జీటీఓ అన్నారు. మజిల్ కార్ల జమానా దానితోనే మొదలైందని చాలామంది అంటారు. 1970 నాటికి షెవర్లే తన షెవెల్‌లో 454 ఇంజన్ పెట్టింది. అందులో ఎల్ఎస్6 రకానికి 450 హార్స్‌పవర్. ఆ రోజుల్లో కారు కొనేవాడు లిస్టు చూసి ఒక్కో ఆప్షన్ రాయించుకునేవాడు. వాటిలో ఒకటి కౌల్ ఇండక్షన్. గ్యాస్ పూర్తిగా తొక్కితే బానెట్ వెనక, అద్దం దగ్గర చిన్న తలుపు తెరుచుకుని ఇంజన్‌కి గాలి అందిస్తుంది. పాంటియాక్ 1970లో ఇంకో తమాషా చేసింది. డ్యాష్‌బోర్డ్ కింద నాబ్ లాగితే సైలెన్సర్ గొంతు పెరిగేది. కొద్ది నెలల్లోనే పైవాళ్లు ఆపేయించారు. అందుకే ఈరోజు ఆ నాబ్ ఉన్న జీటీఓ అంటే షౌకీన్లు పడి చస్తారు.

అరుదైనదానికి ఖీమత్, ఖీమత్ ఉన్నచోట నకల్. 2014లో 1971 నాటి హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అలాంటి ధరలు చూశాక మామూలు కారుకు పెద్దింటి పేరు తగిలించాలన్న లాలచ్ ఎవరికైనా పుడుతుంది.

షెవెల్‌తో ముష్కిల్ ఏమిటంటే, 1970లో ఎస్ఎస్ అన్నది వేరే మోడల్ కాదు, మాలిబు మీద ఒక ఆప్షన్. ఛాసిస్ నంబరు చూస్తే వీ8 మాలిబు అని తెలుస్తుంది, ఏ వీ8 అన్నది తెలియదు. ఫోర్డ్ కార్లకు 1967 నుంచి కంపెనీ రికార్డుల మీద రిపోర్టు తీసుకోవచ్చు. పాంటియాక్‌కీ అలాంటి సదుపాయం ఉంది. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు అది లేదు. మిగిలిన గవాహీ ఫ్యాక్టరీ బిల్డ్ షీటే. అది చాలాసార్లు పెట్రోల్ ట్యాంకు మీద ఇరుక్కుని, తుప్పు మరకలతో దొరుకుతుంది. ఆ కాగజ్ కారుకు షజరా. నిఖా మాట వచ్చినప్పుడు మన పెద్దలు ఖాన్‌దాన్ గురించి ఎంత ఆరా తీస్తారో, కారు కొనేవాళ్లు ఆ ఒక్క కాగితం కోసం అంత వెతుకుతారు.

"నేను అమ్మను కదా మామూ, నా కారు నా మర్జీ" అన్నాడు వాడు. జవాబు ఇదీ. ఆ కారు పుట్టి అర్ధశతాబ్దం దాటింది. ఇప్పటికే ఎన్ని చేతులు మారిందో. నీ తర్వాతా మారుతుంది. నువ్వు అబద్ధం చెప్పకపోయినా నీ బ్యాడ్జీ చెబుతుంది. నీ నుంచి మూడోవాడు ఇల్లు తాకట్టు పెట్టి దాన్ని అసల్ అనుకుని కొంటే, ఆ ధోకాలో నీ హిస్సా లేదా? మీరే చెప్పండి.

నకల్ చేయడమే తప్పు అని నేను అనడం లేదు. అసల్ ఎల్ఎస్6 కొనే తాహత్ ఎంతమందికి ఉంది? దాన్ని చూసి మురిసిపోయి, అలాంటిది తన చేత్తో కట్టుకోవడం ఆ కారుకు ఇచ్చే ఇజ్జత్ అనే అనుకుంటాను. అక్కడివాళ్లు అలాంటిదాన్ని 'ట్రిబ్యూట్' అంటారు. ఆ పేరు దాచకపోతే చాలు. నకిలీ బిల్డ్ షీట్ అచ్చు వేయించడం, ఇంజన్ మీద నంబర్లు చెరిపి కొట్టించడం మాత్రం షౌక్ కాదు, జాల్‌సాజీ. ఛాసిస్ నంబరు మార్చితే అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం కూడా.

కాబట్టి వాడికి నా మష్వరా ఇది. బయానా ఇచ్చే ముందు ట్యాంకు దించి బిల్డ్ షీట్ వెతుకు. ఖిస్మత్ బాగుండి అది నిజంగా ఎస్ఎస్ అని తేలితే, ఫ్యాక్టరీ ఇచ్చినదాన్ని మార్చకు. మామూలు మాలిబు అయితే హాయిగా మొదలుపెట్టు, కానీ వరస తప్పకు. ముందు ఫ్రేమ్, ఫ్లోర్‌లో తుప్పు చూడు. తర్వాత బ్రేకులు. ఫ్యాక్టరీ ఎస్ఎస్‌కి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, గట్టి సస్పెన్షన్ కలిపే ఇచ్చారు. అవి లేకుండా 454 పెట్టడమంటే లగాం లేని గుర్రం ఎక్కడమే. ఆ తర్వాత ఇంజన్. కౌల్ ఇండక్షన్ లాంటివి చివర్న, అదీ మార్కెట్ కోసం కాదు, నీకు మజా ఉంటేనే. దిగిన పాత ఇంజన్ అమ్మేయకు, నూనె పూసి చుట్టి పెట్టు.

ఇంకో మాట చెప్పాను. మొదటి రోజు నుంచి ఒక కాపీ పెట్టు. ఏ తారీఖున ఏ భాగం తీశావు, ఏది పెట్టావు, అది పాతదా కొత్త నకలా, ఎంత ఖర్చయింది, అన్నీ రాయి. కారు తాళాలతో పాటు ఆ కాపీ కూడా చేతులు మారాలి. అప్పుడు బ్యాడ్జీ పెట్టుకున్నా నాకు ఏతరాజ్ లేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "కాపీ ఇంగ్లీషులో రాయాలా, తెలుగులోనా మామూ?"

ఇంగ్లీషులోనే రాయమన్నాను. చదవాల్సింది కొనేవాడు కదా.